అమిగాలో తాళం తప్పని టైమర్: మిడి క్లాక్ కోసం మొదటి నుంచి చివరి దాకా

నిమిషానికి 120 బీట్ల టెంపోలో మిడి క్లాక్ (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకే తాళంలో నడవడానికి తీగ మీద పంపే పల్సులు) పంపాలంటే, బీటుకి 24 పల్సుల చొప్పున సెకనుకి 48 పల్సులు వెళ్లాలి. అంటే 20.833 మిల్లీసెకన్లకి ఒక బైటు. అవతలి డ్రమ్ మెషిన్ ఆ బైట్లని పట్టుకునే నడుస్తుంది. ఒక్కో పల్సు నాలుగైదు మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే తాళం ఊగిసలాడినట్టు వినిపిస్తుంది. ప్రతి పల్సూ ఒక పిసరు ఆలస్యమవుతూ పోతే పాట సగానికి వచ్చేసరికి డ్రమ్ములొక దారి, కీబోర్డొక దారి.

ఈ పనిని పాతకాలపు ఇంటి కంప్యూటర్ కామొడోర్ అమిగా మీద, దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ని పక్కకి నెట్టకుండా ఎలా చేయాలో చూద్దాం. ఆటలు రాసేవాళ్లు సిస్టమ్‌ని పడుకోబెట్టి హార్డ్‌వేర్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంటారు. సీక్వెన్సర్‌కి, అంటే స్వరాలని వరుసగా వాయిద్యాలకి పంపే ప్రోగ్రామ్‌కి, ఆ వెసులుబాటు లేదు. ఫైళ్లు తెరవాలి, విండోలు గీయాలి, మౌస్ కదలాలి, వీటన్నిటి మధ్య పల్సు వేళకి వెళ్లాలి. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. సి తెలిసినవాళ్లకి అసలు పేర్లు ఇట్టే తడతాయి.

చాలామంది సన్నటి టిక్ దొరికితే చాలు, టైమర్ కచ్చితమైపోతుందనుకుంటారు. అమిగాలో అది ఎలాగూ దొరుకుతుంది. తాళం తప్పేది వేరే రెండుచోట్ల: గడువుని ఎక్కడి నుంచి లెక్కిస్తున్నాం, భాగహారంలో మిగిలిన శేషాన్ని ఏం చేస్తున్నాం.

1. మెషిన్‌లో ఏ గడియారాలున్నాయి

పాల్ (యూరప్ టీవీ పద్ధతి) అమిగాలో ప్రధాన క్రిస్టల్ 28.37516 మెగాహెర్ట్జ్. దాన్ని 4తో భాగిస్తే అమిగా 500లోని 68000 ప్రాసెసర్ వేగం, 7.09379 మెగాహెర్ట్జ్. దాన్ని మళ్లీ 10తో భాగిస్తే ఈ-క్లాక్, సెకనుకి 709379 టిక్కులు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మెషిన్లలో ఇది 715909. ఒక టిక్కు సుమారు 1.41 మైక్రోసెకన్లు. పాత 6800 కుటుంబం చిప్‌లతో మాట్లాడటానికి మోటరోలా 68000లో పెట్టిన గడియారం ఇది. అమిగాలోని రెండు 8520 చిప్‌లు, అంటే సీఐఏ-ఎ, సీఐఏ-బి, దీని మీదే నడుస్తాయి. ఒక్కో చిప్‌లో రెండేసి 16-బిట్ టైమర్లు, ఒక 24-బిట్ కౌంటర్ ఉంటాయి.

ఈ-క్లాక్‌లో మనకి కలిసొచ్చే గుణం ఏమిటంటే ప్రాసెసర్ మారినా అది మారదు. అమిగా 1200లో 68ఈసీ020 రెట్టింపు వేగంతో నడుస్తున్నా, 4000లో 68040 ఉన్నా ఈ-క్లాక్ అదే. ఖాళీ లూపు తిప్పి సమయం గడిపే కోడ్ యాక్సిలరేటర్ కార్డు పెట్టగానే చెడేది ఇందుకే. ఒక్క మినహాయింపు జెన్‌లాక్, అంటే తెరని బయటి వీడియోతో కలిపే పరికరం. అది తగిలిస్తే మెషిన్ గడియారం బయటి నుంచి వస్తుంది, అంకె కొద్దిగా మారుతుంది.

రెండో గడియారం తెర. వర్టికల్ బ్లాంక్, అంటే ఒక ఫ్రేము ముగిసి తరవాతిది మొదలయ్యే సందు, పాల్‌లో సెకనుకి 50 సార్లు అని అందరూ అంటారు. ఇంటర్‌లేస్ లేని తెరలో 313 గీతలు, గీతకి 227 కలర్ క్లాకులు. సెకనుకి వచ్చే కలర్ క్లాకులు 3546895. దాన్ని ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే వచ్చేది 49.92. దాన్ని 50 అనుకుని గంటసేపు లెక్కపెడితే దాదాపు 5.7 సెకన్లు వెనకబడతాం. మన పల్సు 20.83 మిల్లీసెకన్లు, తెర అడుగు 20 మిల్లీసెకన్లు. ఈ రెండూ ఎప్పటికీ కలవవు కాబట్టి తెరని వదిలేయండి.

2. టైమర్.డివైస్‌లో ఏ యూనిట్ తీసుకోవాలి

సిస్టమ్‌లో సమయం వ్యవహారమంతా టైమర్.డివైస్ చూస్తుంది. మొదటి నుంచీ ఉన్న యూనిట్లు రెండు. యూనిట్_వీబ్లాంక్ తేలిక, దీర్ఘకాలంలో స్థిరం, కానీ దాని అడుగు ఒక ఫ్రేమంత. నిమిషాల లెక్కన ఆగేవాటికి అదే వాడాలి. యూనిట్_మైక్రోహెర్ట్జ్‌కి సెకన్లు, మైక్రోసెకన్లు ఇస్తాం.

1990లో అమిగా 3000తో వచ్చిన కిక్‌స్టార్ట్ (అమిగా సిస్టమ్‌కి మూలమైన సాఫ్ట్‌వేర్) 2.0, అంటే 36వ వెర్షన్, ఇంకో మూడు చేర్చింది. యూనిట్_ఈక్లాక్‌కి నేరుగా టిక్కుల్లో చెప్పొచ్చు. యూనిట్_వెయిట్‌అన్‌టిల్ ఫలానా సిస్టమ్ సమయం దాకా ఆగుతుంది. యూనిట్_వెయిట్‌ఈక్లాక్ ఫలానా ఈ-క్లాక్ విలువ దాకా ఆగుతుంది. మనకి కావలసింది ఈ చివరిది. వెయిట్‌అన్‌టిల్ కూడా పనికొచ్చేలా కనిపిస్తుంది గానీ వాడొద్దు. పాట మధ్యలో ఎవరైనా ప్రిఫరెన్సెస్‌లో గడియారం సరిచేస్తే మన గడువులన్నీ గల్లంతవుతాయి. ఈ-క్లాక్ కౌంటర్‌ని అలా ఎవరూ కదిలించలేరు.

డాస్‌లోని డిలే ఫంక్షన్ సంగతి కూడా చెప్పేస్తాను. దాని కొలత సెకనులో 50వ వంతు, ఎన్‌టీఎస్‌సీ మెషిన్‌లోనూ అంతే. మన పనికి పనికిరాదు. పైగా 1.3, అంతకు ముందు వెర్షన్లలో డిలేకి సున్నా ఇస్తే టైమర్, ఫ్లాపీ డ్రైవ్ రెండూ తిక్కగా ప్రవర్తించే బగ్ ఉంది. అదే కాలపు మైక్రోహెర్ట్జ్ యూనిట్‌కి 0 గానీ 1 గానీ మైక్రోసెకన్లు ఇచ్చినా మెషిన్ ఆగిపోవచ్చు, కనీసం 2 ఇవ్వాలి. పాత కిక్‌స్టార్ట్ మీద కూడా నడవాల్సిన కోడ్ అయితే ఈ కనీసాన్ని మీ ఫంక్షన్ మొదటి వరుసలోనే పెట్టండి.

3. తెరవడం

వరుస మామూలే: క్రియేట్‌మెసేజ్‌పోర్ట్, టైమ్‌రిక్వెస్ట్ సైజుతో క్రియేట్‌ఐఓరిక్వెస్ట్, తరవాత ఓపెన్‌డివైస్. ఓపెన్‌డివైస్ సఫలమైతే సున్నా ఇస్తుంది, అలవాటు లేనివాళ్లు దీన్ని తిరగేసి రాస్తారు. తెరిచాక రిక్వెస్ట్‌లోని ఐఓ_డివైస్ పాయింటర్‌ని టైమర్‌బేస్ అనే గ్లోబల్‌లో దాచుకోవాలి. అది లేకుండా రీడ్‌ఈక్లాక్‌ని పిలిస్తే నేరుగా గురు మెడిటేషనే, అంటే మెషిన్ కూలిందని చెప్పే తెర.

రిక్వెస్ట్ విషయంలో రెండు నియమాలు. పంపిన రిక్వెస్ట్ తిరిగొచ్చేలోపు దాన్ని ముట్టుకోకూడదు. తిరిగొచ్చాక అందులో మనం రాసిన సమయం అలాగే ఉందనుకోకూడదు, ప్రతిసారీ మళ్లీ నింపాలి. ఒకేసారి రెండు మూడు టైమర్లు కావాలంటే తెరిచిన రిక్వెస్ట్‌ని మొత్తంగా ఇంకో దానిలోకి కాపీ చేసుకోవచ్చు, డివైస్‌ని మళ్లీ తెరవక్కర్లేదు.

పంపడానికి సెండ్‌ఐఓ వాడండి. డూఐఓ వాడితే అది తిరిగొచ్చేదాకా మీ టాస్క్ చెవిటిదైపోతుంది, కంట్రోల్-సి కూడా వినదు. సెండ్‌ఐఓ చేసి, టైమర్ పోర్టు సిగ్నల్‌నీ ఆపు సిగ్నల్‌నీ కలిపి వెయిట్‌కి ఇవ్వడమే సరైన పద్ధతి.

4. గడువు ఎక్కడి నుంచి లెక్కించాలి

అందరూ మొదట రాసే లూపు ఇలా ఉంటుంది: 20833 మైక్రోసెకన్లు ఆగు, పల్సు పంపు, మళ్లీ 20833 ఆగు. చూడటానికి ఏ లోపమూ లేదు. కానీ టైమర్ మోగాక మన టాస్క్ లేచి, బైటు పంపి, రిక్వెస్ట్‌ని మళ్లీ పంపేసరికి కొంత సమయం పోతుంది. అది 0.3 మిల్లీసెకను అనుకోండి. పది నిమిషాల పాటలో 28800 పల్సులు. 28800ని 0.3తో గుణిస్తే 8.64 సెకన్ల ఆలస్యం! టిక్ ఎంత సన్నగా ఉన్నా ఈ నష్టం ఆగదు.

డిపోలో అరగంటకో బస్సు ఉందనుకోండి. ముందు బస్సు నిజంగా కదిలిన క్షణం నుంచి అరగంట లెక్కపెట్టి తరవాతి బస్సుని వదిలితే సాయంత్రానికి ఏ బస్సూ వేళకి ఉండదు. బోర్డు మీది టైం చూసి వదిలితే ఒక బస్సు ఆలస్యం తరవాతి దానికి అంటదు. మన లూపుకి కూడా బోర్డు కావాలి.

మొదలుపెట్టేటప్పుడు ఒక్కసారి రీడ్‌ఈక్లాక్‌ని పిలిచి ఆ విలువని మొదటి గడువుగా దాచుకోండి. అక్కడి నుంచి ప్రతి గడువూ ముందు గడువు ప్లస్ విరామం. ఇప్పుడు టైం ఎంతయిందన్నది ఆ లెక్కలోకి రానే రాదు. కూడగా వచ్చిన 64-బిట్ విలువని యూనిట్_వెయిట్‌ఈక్లాక్‌కి ఇవ్వాలి: పై 32 బిట్లు సెకన్ల స్థానంలో, కింది 32 బిట్లు మైక్రోసెకన్ల స్థానంలో. అసెంబ్లీలో ఇది ఒక కూడిక, ఆ వెంటనే క్యారీతో ఇంకో కూడిక. సిలో అయితే కింది భాగం కూడాక పాతదానికంటే చిన్నదైందేమో చూసి పైభాగానికి ఒకటి కలపాలి. పాల్‌లో కింది 32 బిట్లు 6054 సెకన్లకి, అంటే గంటా నలభై నిమిషాల 54 సెకన్లకి నిండుతాయి. పరీక్ష అంతకంటే తక్కువసేపు చేసి సరిపెట్టుకున్నవాళ్లకి ఈ బగ్ కచేరీలోనే కనబడుతుంది.

యూనిట్_ఈక్లాక్‌తో, గడువులోంచి ఇప్పటి సమయం తీసేసి తేడా ఇచ్చినా పని జరుగుతుంది. అయితే సమయం చదివాక, రిక్వెస్ట్ పంపేముందు ఇంకో టాస్క్ ప్రాసెసర్‌ని లాక్కుంటే ఆ కాస్తా పల్సు మీద పడుతుంది. గడువునే ఇచ్చేస్తే ఆ సందు ఉండదు.

5. శేషాన్ని పారేయొద్దు

ఇప్పుడు విరామం ఎంత? 709379ని 48తో భాగిస్తే భాగఫలం 14778, శేషం 35. ఆ 35ని పారేస్తే సెకనుకి 35 టిక్కులు ముందుకి పరిగెడతాం. పది నిమిషాల్లో 21000 టిక్కులు, అంటే దాదాపు 30 మిల్లీసెకన్లు. ముందు చెప్పిన 8.64 సెకన్ల ముందు ఇది చిన్నదే. కానీ దీన్ని సున్నా చేయడానికి అయ్యే ఖర్చు ఒక కూడిక, ఒక పోలిక.

ఒక డబ్బా పెట్టుకోండి, మొదట్లో సున్నా. ప్రతి పల్సుకీ అందులో 35 కలపండి. 48 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 48 తీసేసి ఈసారి విరామం 14779 అనండి, లేకపోతే 14778. మొదటి పల్సుకి డబ్బాలో 35, విరామం 14778. రెండోసారి 70, అందులోంచి 48 పోగా 22, విరామం 14779. మూడోసారి 57, మిగిలేది 9, మళ్లీ 14779. నాలుగోసారి 44, విరామం 14778. ఇలా 48 పల్సులు తిరిగేసరికి 35 పొడవువి, 13 పొట్టివి వచ్చి మొత్తం సరిగ్గా 709379 టిక్కులవుతాయి. ఏ ఒక్క పల్సూ ఒక టిక్కుకంటే ఎక్కువ తప్పదు. తెర మీద ఏటవాలు గీత గీసే లెక్క తెలిసినవాళ్లకి ఇది పాత చుట్టమే.

ఏ టెంపోకైనా సూత్రం ఇదే: ఈ-క్లాక్ వేగాన్ని 5తో గుణించి, టెంపోకి రెట్టింపుతో భాగించాలి. 709379ని 5తో గుణిస్తే 3546895, శబ్దం పలికించే పౌలా చిప్ గడియారం అదే. ఎన్‌టీఎస్‌సీలో 3579545, అది అక్కడి రంగు టీవీ సబ్‌క్యారియర్. 68000లో డీఐవీయూ సూచన ఒక్కటే భాగఫలాన్ని కింది సగంలో, శేషాన్ని పై సగంలో పెట్టి ఇస్తుంది కాబట్టి రెండూ ఒక్క దెబ్బకి వస్తాయి. కాకపోతే భాగఫలం 16 బిట్లలో పట్టాలి. 28 టెంపో వరకు ఇబ్బంది లేదు, 27కి దిగితే 65683 వచ్చి పొంగిపోతుంది. అంత నెమ్మది పాటలకి వేరే దారి పెట్టుకోండి, లేదా కనీస టెంపో 28 అని మెనూలోనే రాసేయండి. నేనైతే రెండోదే చేస్తాను.

ట్రాకర్ మాడ్యూళ్లు (అమిగా పాటల ఫైళ్లు) వాయించే కోడ్ చదివినవాళ్లకి 1773447 అనే వింత అంకె కనబడి ఉంటుంది. దాన్ని టెంపోతో భాగించి టైమర్‌లో పోస్తారు. 709379కి రెండున్నర రెట్లు అది, అంటే మన సూత్రమే సగానికి కుదించింది. ప్రోట్రాకర్‌లో 125 టెంపో అంటే సెకనుకి 50 అడుగులు అవడం దీన్నుంచే.

టెంపో మధ్యలో మారితే డబ్బాని సున్నా చేసేయండి. పోయేది ఒక టిక్కులో భాగం, దాన్ని కాపాడటానికి కోడ్ పెంచక్కర్లేదు. ఈ-క్లాక్ వేగాన్ని మాత్రం కోడ్‌లో అంకెగా రాయొద్దు. రీడ్‌ఈక్లాక్ ప్రతిసారీ ఆ వేగాన్నే తిరిగి ఇస్తుంది, పాల్, ఎన్‌టీఎస్‌సీ గొడవ దాంతో తీరిపోతుంది.

6. గడువు దాటిపోతే

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి టాస్క్ ఆలస్యంగా లేస్తుంది. లేచేసరికి రెండు గడువులు దాటి ఉంటే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. తెర మీద బొమ్మ కదిలించే పని అయితే పోయినవి పోయాయనుకోవచ్చు. మిడి క్లాక్‌లో మాత్రం పల్సుల సంఖ్యే సమయం. ఒకటి మింగేస్తే డ్రమ్ మెషిన్ పాట చివరిదాకా అంత వెనకే ఉంటుంది. కాబట్టి బాకీ పడ్డవాటిని వెంటవెంటనే పంపేయాలి. మిడి తీగ వేగం సెకనుకి 31250 బిట్లు, బైటుకి 10 బిట్ల చొప్పున 320 మైక్రోసెకన్లు. రెండు బాకీలు తీర్చడం మిల్లీసెకను పని కూడా కాదు. బాకీ అరసెకను దాటిందంటే అది ఆలస్యం కాదు, ఎవరో సిస్టమ్‌ని పట్టేశారు. అప్పుడు ఆపి కొత్త గడువుతో మొదలుపెట్టడం మేలు.

7. టాస్క్‌ని విడదీయండి

టైమర్ లూపునీ విండో బొమ్మలనీ ఒకే టాస్క్‌లో పెడితే ఇంతవరకు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పల్సుల కోసం చిన్న టాస్క్ వేరే పెట్టి, దాని ప్రయారిటీ పెంచండి. మామూలు ప్రోగ్రాములు 0 మీద, ఇన్‌పుట్.డివైస్ 20 మీద నడుస్తాయి. 10 దగ్గర పెడితే పల్సులు సాగుతాయి, మౌస్ కూడా బిగుసుకుపోదు. ఆ టాస్క్‌లో మెమరీ అడగడం, ఫైలు ముట్టుకోవడం, తెర మీద రాయడం ఏవీ ఉండకూడదు. టెంపో మార్పుల్లాంటివి మెసేజ్‌గా వస్తే చాలు.

ప్రయారిటీ ఎంత పెంచినా ఇంకెవరో ఇంటరప్టులు ఆపేస్తే మనం చేసేదేమీ లేదు. ఇంటరప్టులని ఆపే డిసేబుల్‌ని 250 మైక్రోసెకన్లకి మించి పట్టుకోవద్దన్నది కామొడోర్ నియమం, అందరూ పాటిస్తారన్న హామీ లేదు. ఇంకొకటి: 16 రంగుల హై-రెజ్ తెర పెడితే గీత గీస్తున్నంతసేపూ చిప్ ర్యామ్ (తెర, ప్రాసెసర్ పంచుకునే మెమరీ) దారి తెరకే సరిపోతుంది, ప్రాసెసర్ కాచుకుని కూర్చుంటుంది. ప్రాసెసర్‌కి మాత్రమే చెందిన ఫాస్ట్ ర్యామ్ ఉంటే కోడ్ అక్కడుంటుంది, ఈ బాధ తగ్గుతుంది. లేకపోతే నాలుగు రంగుల తెరతో సర్దుకోండి.

8. అప్పటికీ చాలకపోతే సీఐఏ టైమర్

కిక్‌స్టార్ట్ 1.3లో రీడ్‌ఈక్లాక్ లేదు, వెయిట్‌ఈక్లాక్ లేదు. టాస్క్ లేచేదాకా ఆగలేని పనులూ ఉంటాయి. అప్పుడు సీఐఏ టైమర్‌ని నేరుగా తీసుకోవచ్చు, కానీ అడిగి తీసుకోవాలి. సీఐఏబి.రిసోర్స్ తెరిచి యాడ్‌ఐసీఆర్‌వెక్టర్‌తో టైమర్ ఎ గానీ బి గానీ కోరండి. సున్నా వస్తే మీదే. లేదంటే వచ్చే పాయింటర్ దాన్ని అప్పటికే వాడుకుంటున్నవాళ్లది. రెండోదాన్ని అడగండి, అదీ లేకపోతే మర్యాదగా టైమర్.డివైస్‌కి తిరిగి రండి. ఫలానా టైమర్ ఎప్పుడూ ఖాళీయే అనుకుని నేరుగా రిజిస్టర్లలో రాసే కోడ్ ఒక వెర్షన్‌లో నడుస్తుంది, ఇంకోదాంట్లో కూలుతుంది. సీఐఏ-బి ఇంటరప్టు 6వ స్థాయిది, సీఐఏ-ఎది 2వ స్థాయి. వీలైతే బి తీసుకోండి.

చూసుకోవాల్సినవి మూడున్నాయి. ఇంటరప్ట్ కంట్రోల్ రిజిస్టర్‌ని చదివితే చాలు, అందులోని జెండాలన్నీ చెరిగిపోతాయి, ఇతరులవి కూడా. కాబట్టి దాన్ని ముట్టుకోకుండా సెట్‌ఐసీఆర్, ఏబుల్‌ఐసీఆర్ వాడాలి. రెండోది, లాచ్‌లో (టైమర్ మొదలయ్యే విలువ ఉండే చోట) రాసిన అంకెకి ఒకటి కలిపినన్ని టిక్కులకి టైమర్ తిరుగుతుంది, 14778 కావాలంటే 14777 రాయాలి. మూడోది సూక్ష్మం: ఇంటరప్టు వచ్చేసరికి కౌంటర్ అప్పటికే పాత లాచ్ విలువతో మళ్లీ మొదలై ఉంటుంది. మనం ఇప్పుడు రాసేది ఆపై విరామానికి వర్తిస్తుంది. శేషం డబ్బాని ఒక అడుగు ముందుగా నడిపితే ఇందులో ఇబ్బందేమీ లేదు, మొత్తం సరిగ్గానే కూడుతుంది.

నడుస్తున్న కౌంటర్‌ని చదవాలంటే పై బైటు, కింది బైటు, మళ్లీ పై బైటు చదవండి. రెండు పై బైట్లూ కలవకపోతే మధ్యలో అప్పు దొర్లిందన్నమాట, మళ్లీ చదవాలి. ఇంటరప్ట్ కోడ్‌లో చేయదగ్గది లెక్క పెంచడం, టాస్క్‌కి సిగ్నల్ ఇవ్వడం. అంతకు మించి రాస్తున్నారంటే అది టాస్క్‌లో ఉండాల్సిన పని.

9. కొలిచి చూడటం

పల్సు పంపిన ప్రతిసారీ రీడ్‌ఈక్లాక్ చదివి, గడువుకీ దానికీ తేడాని ముందే తీసిపెట్టుకున్న పట్టీలో వేయండి. ఆపాక చూడండి, నడుస్తుండగా ముద్రించొద్దు. సగటు చూసి సంబరపడకూడదు. చూడాల్సింది అతి పెద్ద ఆలస్యం, దాంతోపాటు పట్టీ మొదటి వందకీ చివరి వందకీ మధ్య తేడా. మొదటిది జిట్టర్, అంటే పల్సు అటూ ఇటూ ఊగడం ఎంతో, చెబుతుంది. రెండోది సున్నా దగ్గర లేకపోతే డ్రిఫ్ట్ (మెల్లగా పేరుకునే ఆలస్యం) ఉన్నట్టే, 4వ అంచెలో ఎక్కడో ఇప్పటి సమయం లెక్కలోకి దూరింది. శేషం పారేసిన తప్పు మాత్రం ఈ పట్టీలో కనబడదు, ఎందుకంటే గడువే తప్పుగా కదిలింది. దానికి 480 పల్సులు నడిపి, మొదటి గడువుకీ చివరిదానికీ తేడా 7093790 టిక్కులు వచ్చిందో లేదో చూడాలి.

పరీక్షించేటప్పుడు మెషిన్‌ని కష్టపెట్టండి. ఫ్లాపీ చదివించండి, విండో లాగండి, మెనూ తెరిచి పట్టుకోండి. ఎమ్యులేటర్‌లో తర్కం సరిచూసుకోవచ్చు గానీ బయటికి వెళ్లే మిడి బైటు వేళ మీ పీసీ సిస్టమ్ చేతిలో ఉంటుంది. జిట్టర్ అంకెలు అసలు మెషిన్ మీదే తీయాలి.

10. మూసేటప్పుడు

రిక్వెస్ట్ ఇంకా బయటే ఉంటే అబార్ట్‌ఐఓ, ఆ వెంటనే వెయిట్‌ఐఓ. అబార్ట్ చేశాం కదా అని వెయిట్‌ఐఓ మానేస్తే, విడుదలైపోయిన మెమరీలోకి జవాబు వచ్చి పడుతుంది. ఒక్కసారీ పంపని రిక్వెస్ట్‌కి ఈ రెండూ చేయకూడదు, పంపామో లేదో ఒక జెండాలో గుర్తుపెట్టుకోండి. సీఐఏ టైమర్ తీసుకుని ఉంటే ముందు దాన్ని ఆపి, తరవాత రెమ్‌ఐసీఆర్‌వెక్టర్. ఆ పైన క్లోజ్‌డివైస్, డిలీట్‌ఐఓరిక్వెస్ట్, డిలీట్‌మెసేజ్‌పోర్ట్, ఈ వరుసలోనే. ప్రోగ్రామ్‌ని ఓ ఇరవై సార్లు తెరిచి మూసి, ఖాళీ మెమరీ అంకె మొదటిసారి మూసినప్పుడు ఉన్నంతే ఉందో లేదో చూడండి. తగ్గుతోందంటే ఈ వరుసలో ఏదో ఒకటి ఏదో ఒక దారిలో జరగడం లేదు, ఎక్కువగా అది కంట్రోల్-సి కొట్టి బయటికొచ్చే దారి.